అరుంధతి పక్కన ఏడు మసకలు

పట్టాలు అందుకున్న మీకు ఆ గౌన్లలో ఎంత ఉక్కపోస్తుందో నాకు తెలుసు, తొందరగానే ముగిస్తాను.

పెళ్లిలో పంతులుగారు పట్టపగలు ఆకాశం చూపించి "అరుంధతి కనబడిందా?" అని అడిగితే తలూపనివాళ్లు ఎవరు? నేనూ ఊపాను. ఆ అరుంధతీ వశిష్ఠుల దగ్గరే ఎం101 అనే పెద్ద గెలాక్సీ ఉంది. వశిష్ఠ, మరీచి నక్షత్రాలను కలిపి త్రిభుజం గీస్తే దాని మూడో మూలన ఉంటుంది. దూరం రెండు కోట్ల కాంతి సంవత్సరాల పైమాటే. దాని చుట్టూ చిన్న గెలాక్సీల కోసం వెతికేవాళ్లకు మాత్రం ఊరికే తలూపే వెసులుబాటు లేదు.

ఈ మరుగుజ్జు గెలాక్సీల్లో కొన్ని ఎంత పలచనంటే, చీకటి రాత్రి ఆకాశానికుండే సన్నటి వెలుగు కూడా వాటికన్నా ఎక్కువే. పెద్ద అద్దాల టెలిస్కోపుల్లో పక్క నక్షత్రాల కాంతి చెదిరి వాటిని మింగేస్తుంది. ఖగోళ శాస్త్రవేత్తలు పీటర్ వాన్ డోకుమ్, రాబర్టో అబ్రహం ఓ ఉపాయం పన్నారు. క్రికెట్ మైదానం అంచున ఫొటోగ్రాఫర్లు పట్టుకు కూర్చునే 400 మి.మీ. లెన్సులను ఎనిమిదింటిని ఒకచోట బిగించి, న్యూమెక్సికోలో ఆకాశానికి గురిపెట్టారు. పేరు డ్రాగన్‌ఫ్లై, అంటే మన తూనీగ. నాకు ఆ పేరు విన్నప్పుడే సగం నచ్చేసింది.

2014లో ఆ తూనీగ తీసిన చిత్రాల్లో ఎం101 చుట్టూ ఏడు మసక మచ్చలు బయటపడ్డాయి. ఆ పరిశోధనాపత్రంలో మొదటి పేరు అలిసన్ మెరిట్‌ది. అప్పటికి ఆమె యేల్ విశ్వవిద్యాలయంలో విద్యార్థినే. అయితే ఫొటోలో దగ్గరదీ దూరందీ పక్కపక్కనే కనబడతాయి. అందుకని హబుల్ టెలిస్కోపును అడిగారు. నిజంగా ఎం101 అంత దగ్గరవైతే ఎర్రటి పెద్ద నక్షత్రాలు విడివిడి చుక్కలుగా కనబడాలి. మూడింట్లో కనబడ్డాయి. నాలుగింట్లో మాత్రం ఉత్త మసకే. ఆ నాలుగూ ఎంతో వెనక, దాదాపు తొమ్మిది కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, వేరే గెలాక్సీల గుంపు పక్కన ఉన్నవని తేలింది. దూరం పెరిగితే సైజూ పెరుగుతుంది కదా. మరుగుజ్జులనుకున్నవి కాస్తా చాలా వెడల్పయినవీ, నక్షత్రాలను చిటికెడు చల్లినట్టున్నవీ అయ్యాయి.

2016లో ఆ నాలుగింటి సంగతి చెప్పిన పత్రంలోనూ మొదటి పేరు మెరిట్‌దే.

నా పెళ్లి ఆల్బంలో మాత్రం నేనింకా ఎండలో ఆకాశంలోకి చూస్తూ తలూపుతూనే ఉన్నాను.