తూటా ఖరీదు చెప్పిన దొర
(శామీర్‌పేటలో చేసిన రే స్టీవెన్సన్ స్మారకోపన్యాసం)

ఎక్కడో ఉత్తర ఐర్లండులో పుట్టి ఇటలీలో కన్నుమూసిన నటుడికి ఇక్కడ సంస్మరణ ఏమిటని ఒకరిద్దరు అడిగారు. మన సినిమాలో వేషం కట్టినవాడు మనవాడే. ఆయన పని గురించి మనం సరిగ్గా మాట్లాడుకోలేదు కనుక ఆ బాకీ మన మీదే ఉంది.

జీవిత విశేషాలు మీకు తెలిసినవే, త్వరగా చెప్పేస్తాను. 1964 మే 25న లిస్‌బర్న్‌లో జననం. తండ్రి రాయల్ ఎయిర్‌ఫోర్స్ ఉద్యోగి. ఎనిమిదో ఏట కుటుంబం ఇంగ్లండుకు వచ్చింది. లండన్‌లో ఇంటీరియర్ డిజైనర్‌గా కొన్నాళ్ళు పనిచేసి, అది వదిలి బ్రిస్టల్ ఓల్డ్ విక్ నాటక పాఠశాలలో చేరారు. చదువు పూర్తయ్యేసరికి ముప్పై దగ్గర పడింది. 2000లో యార్క్ మిన్‌స్టర్ చర్చిలో ఆడిన నాటకాల్లో క్రీస్తు వేషం. తర్వాత ‘రోమ్’ సీరియల్లో టైటస్ పుల్లో, ‘పనిషర్: వార్ జోన్’, ‘థోర్’, ‘డెక్స్‌టర్’, చివరగా ‘అసోకా’. మనకు మాత్రం ‘ఆర్ఆర్ఆర్’.

స్టీవెన్సన్ అనగానే నాకు మన నటుడు శ్రీహరి గుర్తొస్తారు. ఈ మేడ్చల్ ప్రాంతంలో ఊళ్ళు దత్తత తీసుకున్న శ్రీహరి గురించి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇద్దరూ 1964లో పుట్టారు. ఇద్దరివీ తెరను నింపేసే విగ్రహాలు. ఇద్దరూ రాజమౌళి సినిమాల్లో శత్రువు వేషం వేశారు. ఇద్దరూ ఇంటికి దూరంగా, షూటింగుకు వెళ్ళినచోటే పోయారు. శ్రీహరి 2013 అక్టోబరు 9న ముంబయిలో. స్టీవెన్సన్ 2023 మే 21న ఇస్కియా దీవిలో, యాభై తొమ్మిదో పుట్టినరోజుకు నాలుగు రోజుల ముందు. యాభై ఆరేళ్ళ వయసులో కష్టమైన స్టంటుకు ఆయన వెనుకాడలేదని ‘ఆర్ఆర్ఆర్’ బృందం గుర్తు చేసుకుంది. ఒళ్ళు హూనం చేసుకుని పనిచేసిన ఇలాంటి నటులంటే నాకు తగని అభిమానం.

ఇక నేను ఎన్నాళ్ళుగానో పోట్లాడుతున్న సంగతికి వస్తాను. 2022 మార్చిలో ‘ఆర్ఆర్ఆర్’ విడుదలైన నాటినుంచీ ఒక విమర్శ వింటున్నాను: స్టీవెన్సన్ వేసిన దొర స్కాట్ బక్స్‌టన్ ఉత్త అట్టబొమ్మ, అంత నటుణ్ణి తెచ్చి వృథా చేశారు అని. ఆ మాట అన్నవాళ్ళే వెంటనే 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’లో జగ్గయ్య రూథర్‌ఫర్డ్‌ని చూపిస్తారు. ఆ కంఠం, ఆ హుందాతనం బక్స్‌టన్‌కి ఏవీ అంటారు. జగ్గయ్య ప్రతిభ మీద నాకు పేచీ లేదు. ఆ పోలిక మీదే పేచీ.

మన పద్యనాటకం మనకొక అలవాటు చేసింది. ప్రతినాయకుడికీ ఒక ఘట్టంలో గొంతెత్తే చోటివ్వాలి, చివరకు మన వీరుడి గొప్పతనం వాడి నోటే పలికించాలి. సినిమా ఆ అలవాటునే అందుకుంది. ‘మగధీర’లో శ్రీహరి షేర్‌ఖాన్ వందమందిని కూల్చిన భైరవుణ్ణి చూసి నివ్వెరపోతాడు, మెచ్చుకుంటాడు, మరుజన్మలో స్నేహితుడే అవుతాడు. కథగా అది బాగుంది. కానీ తెల్లదొర దగ్గరికి వచ్చేసరికి ఇదే అలవాటు నాకు కంటగింపు. వాడు శభాష్ అంటే తప్ప మన వీరుడి వీరత్వానికి రాజముద్ర పడదా?

బక్స్‌టన్ ఆ ముద్ర వేయడు. సినిమా మొదట్లో ఆ అడవి ఘట్టం మరోసారి చూడండి. బిడ్డ కోసం కారుకు అడ్డుపడిన తల్లిమీద సిపాయి తుపాకీ ఎత్తుతాడు. బక్స్‌టన్ ఆపుతాడు. ఇంగ్లండులో తయారై సముద్రాలు దాటి ఇక్కడికి చేరేసరికి ఆ తూటా ఖరీదెంతో పాఠం చెబుతాడు. ఆమె మీద అది దండగ అంటాడు. సిపాయి దుంగ అందుకుంటాడు. స్టీవెన్సన్ ఇక్కడ కళ్ళెర్రజేయరు, వికటంగా నవ్వరు. కొత్త గుమాస్తాకు పద్దు రాయడం నేర్పే యజమాని తీరులో మాట్లాడతారు. ఇది నటుడు ఎరిగి చేసిన పని. దీన్ని అట్టబొమ్మ అనడం అన్యాయం.

తూటా ఖరీదు లెక్కగట్టే దొర అతిశయోక్తి అంటారా? 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలాబాగ్‌లో కాల్చిన తూటాలు 1650. ఆ లెక్క మన జాతీయవాదులు వేసింది కాదు, కాల్పులు జరిపించిన డయ్యర్ పక్షమే విచారణ జరిపిన హంటర్ కమిటీకి ఒప్పజెప్పింది. చనిపోయినవాళ్ళ సంఖ్య మీద మాత్రం ఈనాటికీ తగవే: సర్కారు 379 అంది, కాంగ్రెస్ విచారణ వెయ్యి దాకా అంది. తూటాల లెక్క తేలి శవాల లెక్క తేలని పాలన అది. బక్స్‌టన్ ఆ కాగితాల్లోంచి నడిచి వచ్చినవాడే. బ్రిటిష్ అధికారులను ఇలా చూపడాన్ని కేంబ్రిడ్జి చరిత్రకారుడు రాబర్ట్ టూంబ్స్ ‘స్పెక్టేటర్’లో తప్పుపట్టారు. హంటర్ కమిటీ ముందు డయ్యర్ ఇచ్చిన జవాబులే ఆయనకు నా జవాబు.

మరి హుందా అయిన రూథర్‌ఫర్డ్ సంగతి? అసలు రూథర్‌ఫర్డ్ మన్యానికి ప్రత్యేక కమిషనర్‌గా వచ్చాడు. 1924 మే 7న కొయ్యూరులో సీతారామరాజును కాల్చేశారు. 1943లో, కరువుతో జనం రోడ్లమీద రాలిపోతున్న బెంగాల్‌కు తాత్కాలిక గవర్నరుగా వెళ్ళిందీ ఈ రూథర్‌ఫర్డే. ఆ మనిషికి మనం జగ్గయ్య కంఠం అరువిచ్చాం. అది మన ఔదార్యం, అతని గుణం కాదు.

బుర్రకథ ఆ ఔదార్యం చూపలేదు. నేనిప్పుడు రాస్తున్న పుస్తకం అక్కడే మొదలవుతుంది. కథకుడు వీరుణ్ణి ఆకాశానికెత్తుతుంటే, పక్కనున్న హాస్యగాడు వచ్చీరాని తెలుగులో దొరై మాట్లాడతాడు, జనం పగలబడి నవ్వుతారు. ‘బొబ్బిలి యుద్ధం’ సినిమాకొచ్చేసరికి ముక్కామల బుస్సీదొరగా నిలబడ్డారు, నవ్వు పోయింది. జగ్గయ్య దగ్గర గౌరవం వచ్చింది. స్టీవెన్సన్ దగ్గర ఆ రెండూ లేవు, లెక్కల పుస్తకం మిగిలింది. దొర వేషం నడిచిన ఈ దారంతా రాయాలని నా ప్రయత్నం. సినిమా భాగం దాదాపు పూర్తయింది. పల్లె భాగం మీ దగ్గరుంది.

అలియాబాద్, తుర్కపల్లి, కీసర, మేడ్చల్ వైపు ఊళ్ళలో దొర వేషం కట్టినవాళ్ళుంటే, వాళ్ళ టోపీలు, ఫొటోలు, చేత్తో రాసుకున్న మాటల నోటుబుక్కులు ఇళ్ళలో ఉంటే చెప్పండి. నేనే వస్తాను. అక్కడే కూర్చుని రాసుకుంటాను, ఫొటో తీసుకుంటాను, మీ వస్తువు మీ ఇల్లు దాటదు.