కథలో నా పేరేది?

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



బడి ఉద్యోగం చేసుకుంటూ పిల్లల కథలు ఎట్లా రాస్తున్నావో చెప్పమన్నారు. పది నుంచి పదమూడేండ్ల పిల్లల కోసం రాస్తాను. ఇషా నమాజు అయినంక, కాపీలు దిద్దడం ముగిస్తే మిగిలే గంటే నాకు వేళ. సరుకు మాత్రం తరగతిలోనే దొరుకుతుంది.

కొన్నేండ్ల క్రితం మా తరగతి అబ్బాయి సంగతి ఒకటి, వాని పేరుతోనే కథగా రాశాను. బాన్సువాడ అంగడిలో తండ్రి పండ్ల బండి మీద కూర్చున్న వాడు, తూకంలో తన పొరపాటు తెలుసుకొని, కొన్నామె ఇల్లు వెతుక్కుంటూ పోయి మిగతా పండ్లు ఇచ్చి వచ్చాడు. తెలుగులో రాసి ఒక పత్రికకు పంపితే, కథ బాగుంది, పిల్లవాని పేరు మారిస్తే అందరూ చదువుతారని జవాబు వచ్చింది. అచ్చులో చూసుకోవాలన్న ఆశకొద్దీ మార్చాను. అచ్చయింది. సంబరంగా తరగతిలో వినిపించాను. అంతా విని వాడు, "కథ మాదే కదా సాబ్, మేరా నామ్ కాఁ హై?" అన్నాడు. అచ్చులో నా పేరుంది, వాని పేరు లేదు. ఏమని జవాబు చెప్పను?

ఆ రోజు నుంచి ఎవరడిగినా పేరు మార్చలేదు. రెండు కథలు తిరిగొచ్చాయి, పెట్టెలో ఉన్నాయి.

అయితే తప్పంతా పత్రికలదే అనుకోకండి. మరో కథలో కాలు సరిగా లేని పిల్లవాణ్ణి మూలన కూర్చోబెట్టి ఏడిపించాను. అటువంటి బాబే మా బడిలో ఉన్నాడు. "నేనెప్పుడు ఏడ్చాను సార్? ఆటలో గొడవొస్తే తీర్పు చెప్పేది నేనే కదా" అన్నాడు. నా కథల్లో ఆడపిల్లల చేతిలో చీపురు తప్ప ఏదీ లేదని మా అమ్మాయే పట్టుకుంది. తండా పిల్ల మాటలు రాసి ఆ పిల్లకే చదివితే, "మేము అట్ల మాట్లాడం సార్" అని నవ్వింది. ఇప్పుడు ముందు వాళ్లకే చదివి వినిపిస్తాను, తర్వాతే శుభ్రంగా రాస్తాను.

మనది కాని ఇంటి కథ మనం రాయరాదా? రాయవచ్చు. ఒకప్పుడు బడిపంతులైన ప్రేమ్‌చంద్ 1933లో 'ఈద్‌గాహ్' రాశారు. పండుగ పైసలతో బొమ్మ కొనుక్కోక, రొట్టెలు కాల్చే నాయనమ్మ చేతులు కాలకుండా చిమ్టా కొన్న హామిద్ కథ అది. ఆ వంటింటిని దగ్గరగా చూసినవారే అట్లా రాయగలరు. హైదరాబాదులో 1897లో పుట్టి, తర్వాత రాష్ట్రపతి అయిన డాక్టర్ జాకిర్ హుస్సేన్ సాహెబ్ కూడా అధ్యాపకులే. పిల్లలకు 'అబ్బూఖాన్ కీ బక్రీ' రాసిచ్చారు. తెలుగులో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కతలు' చదివితే మన ఇండ్ల అల్లరి, ఆకలి, నవ్వు కనిపిస్తాయి.

సంఘానికి ఒకటే మనవి. ఉర్దూ, తెలుగు రెంటిలోనూ పిల్లల పుస్తకాలతో ఒక అల్మారా పెట్టండి. అందులో మన పిల్లలూ ఉండాలి, పక్కింటి పిల్లలూ ఉండాలి. తల్లులారా, నానీ, దాదీ చెప్పిన సంగతులు పిల్లలకు చెప్పండి. రాసుకోవడం వాళ్లే నేర్చుకుంటారు.

పేరు అడిగిన ఆ అబ్బాయికి నేనింకా ఒక కథ బాకీ ఉన్నాను. అసలు పేరుతో అది అచ్చయ్యేదాకా రాస్తూనే ఉంటాను.