పట్టు చెడకుండ తేనె తీయుట

తేనెటీగల పెంపకమును క్రొత్తగా చేపట్టినవారు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న ఒకటి కలదు: "పెట్టె బరువెక్కినది, ఇక తేనె తీయవచ్చునా?" తొందరపడి తీసినచో తేనె పులియును, మోటుగా తీసినచో ఈగలు పెట్టెనే విడిచిపోవును. కావున తేనె తీయు విధానమును నేడు క్రమముగా మనవిచేయుదుము.

పూర్వము చెట్టుతొఱ్ఱలలోని పట్టును పొగబెట్టి కోసి, గుడ్డలో వేసి పిండెడివారు. తేనెతోపాటు గ్రుడ్లు, పిల్లపురుగులు, పుప్పొడి కూడ నలిగి పాత్రలో పడెడివి. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను నాతడు, చట్రమునకును పెట్టె గోడకును నడుమ ఈగ నడచుటకు చాలినంత సందు మాత్రమే విడిచినచో ఈగలు దానిని పూడ్చవని గుర్తించి, పైకెత్తి తీయదగిన చట్రముల నమర్చెను. 1865లో హ్రుష్కా అను ఆస్ట్రియా సైనికోద్యోగి, చట్రమును గిరగిర త్రిప్పినచో పట్టు చెడకుండ తేనె వెలికి చిమ్మునని చూపెను. మన పుట్టతేనెటీగకు తగిన చిన్న పెట్టెను న్యూటన్ అను క్రైస్తవ గురువు తిరుచిరాపల్లిలో రూపొందించెను.

పెట్టెలో క్రింది అర పిల్లలది. పై అర తేనెది. క్రింది అర జోలికి పోరాదు. పై అరలో కూడ ముప్పాతిక గదులకు మైనపు మూత పడిన చట్రములనే తీయవలెను. తేనెలో నీరు నూటికి 20 పాళ్లకు లోబడిన పిమ్మటనే సాధారణముగా ఈగలు మూత వేయును. అనుమానము కలిగినచో చట్రమును అడ్డముగా పట్టి ఒక్కసారి విదల్చి చూడుడు. చుక్కలు రాలినచో అది పచ్చితేనె. అరకులోయలో వలిసెలు పూచినను, మన ఊర వేప పూచినను నియమ మిదియే.

ఎండ కాయు పూట, ఈగలు మేతకు పోయిన వేళ, కొద్దిగా పొగ చూపి, చట్రము మీది ఈగలను మెత్తని కుంచెతో పెట్టెలోనికే దులుపవలెను. తరువాతి పని తలుపులు మూసిన గదిలో జరుగవలెను. ఆరుబయట తీసినచో వాసనకు ఇతర పెట్టెల ఈగలు మూగి దోపిడికి దిగును.

కత్తిని వేడినీట ముంచి, తుడిచి, మూతలను మాత్రము పలుచగా కోయుడు. చట్రమును కొంచెము ముందునకు వంచి పట్టినచో కోసిన పొర పట్టునకు అంటుకొనక క్రింద పడును.

తేనె తీయు యంత్రము పీపా వంటిది. లోపల చట్రములు నిలుచు తీగెల బోను, పైన త్రిప్పుడు పిడి ఉండును. ఎదురెదురుగా సమానమైన బరువుగల చట్రములను ఉంచవలెను. లేనిచో యంత్రము ఊగిసలాడును. క్రొత్తవారు ఎక్కువగా పట్టును విరుగగొట్టునది ఇచ్చటనే. ఒక ప్రక్క తేనె అంతయు ఒకేసారి తీయబూనినచో, రెండవ ప్రక్కనున్న తేనె బరువు పట్టును తీగెలకు అదిమి చీల్చును. కావున మొదట మెల్లగా త్రిప్పి ఒక ప్రక్క సగము తీయుడు. చట్రమును మరల్చి రెండవ ప్రక్క పూర్తిగా తీయుడు. మరల మొదటి ప్రక్కకు వచ్చి మిగిలినది తీయుడు. లేత పట్టులకు మరింత నిదానము అవసరము.

వచ్చిన తేనెను పలుచని బట్టలో వడగట్టి, ఒకటి రెండు దినములు మూతపెట్టి ఉంచినచో నురుగు పైకి తేలును. దానిని తీసివేసి పొడి సీసాలలో పోసి గట్టిగా బిరడా బిగించవలెను. తేనె గాలిలోని తేమను పీల్చుకొనును గదా!

ఖాళీ చట్రములను సాయంకాలము పెట్టెలో మరల అమర్చుడు. కిలో మైనము చేయుటకు ఈగలు ఆరు మొదలు ఎనిమిది కిలోల తేనె తినవలసియుండునని నిపుణుల అంచనా. వానలు ఎడతెగక కురియు దినములలో ఈగలు మేతకు పోలేవు. అప్పటి తిండికై పై అరలో కొంత తేనె విడిచిపెట్టుట మరువరాదు. పుట్టతేనెటీగ ఆకలికి ఓర్చి ఉండునది కాదు, ఎగిరిపోవును. తిండి మిగిలి, పట్టు చెక్కుచెదరకున్న పెట్టెలో, తరువాతి పూత నాటికి ఈగలకు పట్టు కట్టు పని ఉండదు; తేనె నింపుటయే పని.