మొదటి సంవత్సరం, మొదటి వారం: ఓరియంటేషన్ ఎందుకు మానకూడదు

(కాలేజీలో కొత్తగా చేరిన విద్యార్థులను, వారి తల్లిదండ్రులను ఉద్దేశించి మా సంస్థ తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ప్లస్ టూ ముగించి కాలేజీ మెట్టు ఎక్కబోతున్న పిల్లలు ఈ రోజు మన మధ్య ఉన్నారు. సీటు వచ్చింది, ఫీజు కట్టారు, బట్టలు కొన్నారు. ఇక మిగిలింది క్లాసులు మొదలవడమే అని అందరూ అనుకుంటారు. కానీ క్లాసులకు ముందు ఒక కార్యక్రమం ఉంటుంది. కొన్ని కాలేజీల్లో ఓరియంటేషన్ అంటారు, కొన్నిచోట్ల ఇండక్షన్ అంటారు. "పాఠం చెప్పరు కదా, అది అయ్యాక వెళ్దాంలే" అని చాలామంది దాన్ని మానేస్తారు. అలా మానకూడదని చెప్పడానికే మేము మీ ముందు నిలబడ్డాం.

ముందు దాని సంగతి కొంచెం తెలుసుకుందాం. యూజీసీ 2019లో 'దీక్షారంభ్' అనే పేరుతో కొత్త విద్యార్థుల కోసం ఒక మార్గదర్శి విడుదల చేసింది. ఇంజినీరింగ్ కాలేజీలకు ఏఐసీటీఈ అంతకు ముందే మూడు వారాల కార్యక్రమం పెట్టింది. వీటిలో ఏముండాలంటే, కాలేజీని, చదవబోయే శాఖను పరిచయం చేయడం, ఆటలు, కళలు, మంచి విలువల మీద చర్చలు, చుట్టుపక్కల ప్రాంతాలు చూపించడం, చిన్న గుంపులుగా విడదీసి ప్రతి గుంపుకూ ఒక అధ్యాపకుణ్ణి మార్గదర్శిగా ఇవ్వడం. కాగితం మీద ఇది ఎంతో బాగుంది. అమలులో మాత్రం అనేకచోట్ల ఒక పూట సభగా మారిపోతుంది. దీపం వెలిగిస్తారు, ప్రిన్సిపాల్ మాట్లాడతారు, ర్యాంకుల లెక్క చెప్తారు, టీ ఇచ్చి పంపిస్తారు. అయినా సరే వెళ్ళండి అని మేము ఎందుకు అంటున్నాం?

ఎందుకంటే కాలేజీకి రెండు సిలబస్‌లు ఉంటాయి. ఒకటి పుస్తకంలో ఉంటుంది. రెండోది ఎక్కడా అచ్చు వేయరు. హాజరు 75 శాతం లేకపోతే చాలా యూనివర్సిటీల్లో పరీక్ష రాయనివ్వరు. చివరి పరీక్ష ఒక్కటే పరీక్ష కాదు, ఇంటర్నల్ మార్కులు మొదటి నెల నుంచే లెక్కలోకి వస్తాయి. సబ్జెక్టు మార్చుకోవాలంటే దానికొక గడువు ఉంటుంది. ఒక పేపరు పోతే ఏం చేయాలి? దాన్ని తమిళనాడులో అరియర్ అంటారు, మహారాష్ట్రలో ఏటీకేటీ అంటారు. మాట తెలియని పిల్లవాడు నోటీసు బోర్డు చదివినా అది తన గురించేనని తెలుసుకోలేడు.

లెక్చరర్ గారి అబ్బాయికి ఈ రెండో సిలబస్ ఇంట్లో అన్నం తింటుండగానే వచ్చేస్తుంది. బ్యాంకు ఉద్యోగి కూతురికి అక్కో, బాబాయో చెప్తారు. కానీ నాన్న మగ్గం మీద, అమ్మ బీడీల దగ్గర, లేకపోతే ఇద్దరూ మున్సిపాలిటీ పారిశుద్ధ్య పనిలో ఉన్న ఇంట్లో ఎవరు చెప్తారు? వాళ్ళకు ప్రేమ తక్కువ కాదు, తెలివీ తక్కువ కాదు. ఆ గుమ్మం లోపలికి వాళ్ళెప్పుడూ వెళ్ళలేదు, అంతే. ఆ ఇంటి పిల్ల పరీక్ష తప్పితే "చదవలేకపోయింది" అంటారు. నిజానికి చదవగలిగే పిల్లే, నియమం తెలియక ఓడిపోయింది. అందుకే మేము ఓరియంటేషన్‌ను మర్యాద కోసం జరిపే కార్యక్రమంగా చూడడం లేదు, న్యాయానికి సంబంధించిన విషయంగా చూస్తున్నాం. కొందరికి ఇంట్లో దొరికేది అందరికీ బహిరంగంగా దొరకాలి. అదే దాని విలువ.

మన తెలుగువాళ్ళ సంగతి ఇంకొంచెం వేరు. షోలాపూర్, భివండీల్లో నేతపని మీద వచ్చి స్థిరపడినవాళ్ళం, చెన్నైలో తరతరాలుగా నగరాన్ని శుభ్రం చేస్తున్నవాళ్ళం, బళ్ళారి, కోలారు, హోసూరుల్లో సరిహద్దు గీతకు ఇటు పడినవాళ్ళం, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురంలో ఒడియా పక్కనే తెలుగు మాట్లాడుతూ పెరిగినవాళ్ళం. యానాం పిల్లలు ఉండేది తెలుగు నేల మధ్యనే అయినా, వాళ్ళ యూనివర్సిటీ వందల కిలోమీటర్ల దూరంలో పుదుచ్చేరిలో ఉంది. ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషల మధ్య నలిగే పిల్ల మొదటి నెలలో నోరు విప్పదు. నోరు విప్పలేదని తెలివి లేదనుకుంటారు. కొన్నాళ్ళకు ఆ పిల్ల కూడా అదే నమ్ముతుంది.

భాష విషయంలోనే ఒక చిన్న ఉదాహరణ. తమిళనాడులో చాలా డిగ్రీ కోర్సుల్లో పార్ట్-1 కింద ఒక భాష చదవాలి. కొన్ని కాలేజీల్లో అక్కడ తెలుగు తీసుకునే వీలు ఉంది. ఆ సంగతి చెప్పేది మొదటి రోజుల్లోనే. ఆ రోజు లేనివాడికి మిగిలింది తీసుకోవడమే గతి.

ఇక్కడ దానియేలు గ్రంథం మొదటి అధ్యాయాన్ని ఒకసారి తలచుకుందాం. పరాయి దేశం, పరాయి భాష. కల్దీయుల విద్య, కల్దీయుల భాష మూడేళ్ళు నేర్చుకోవాలని రాజాజ్ఞ. మన డిగ్రీలాగే మూడేళ్ళ కోర్సు! పేర్లు కూడా మార్చేశారు. దానియేలు ఆ చదువు వద్దనలేదు, శ్రద్ధగా నేర్చుకున్నాడు. తన విశ్వాసాన్నీ వదులుకోలేదు. భోజనం విషయంలో ఇబ్బంది వచ్చినప్పుడు ఏం చేశాడో గమనించండి. ముందు పై అధికారిని మర్యాదగా అడిగాడు. ఆయనకు దయ ఉంది కానీ రాజంటే భయం. అప్పుడు దానియేలు తమ మీద నియమించిన కింది అధికారి దగ్గరకు వెళ్ళి, పది రోజులు పరీక్షించి చూడమన్నాడు. పని జరిగింది. అలిగి కూర్చోలేదు, తలవంచి ఊరుకోలేదు. ఎవరిని అడగాలో, ఎలా అడగాలో తెలుసుకున్నాడు. ఇంకో సంగతి, అతను ఒంటరిగా లేడు. హనన్యా, మిషాయేలు, అజర్యా పక్కనే ఉన్నారు. కొత్త చోట ఎవరిని అడగాలో తెలియడం, పక్కన నలుగురు ఉండడం, ఓరియంటేషన్ ఇవ్వగలిగేవి ఈ రెండే. ఆ రెండూ ఉంటే బబులోనులో కూడా చదువుకోవచ్చు.

ఇప్పుడు డబ్బు సంగతికి వద్దాం. స్కాలర్‌షిప్ కోసం కర్ణాటకలో ఎస్‌ఎస్‌పీ, మహారాష్ట్రలో మహాడీబీటీ, ఒడిశాలో స్టేట్ స్కాలర్‌షిప్ పోర్టల్, కేంద్రానికి ఎన్‌ఎస్‌పీ ఉన్నాయి. ఆధార్‌తో జోడించిన బ్యాంకు ఖాతా లేకపోతే మంజూరైన డబ్బు కూడా చేతికి రాదు. తమిళనాడులో ప్రభుత్వ బడిలో 6 నుంచి 12 వరకు చదివిన ఆడపిల్లలకు నెలకు 1000 రూపాయలిచ్చే 'పుదుమై పెణ్' పథకం 2022లో వచ్చింది. మగపిల్లలకు 'తమిళ్ పుదల్వన్' 2024లో వచ్చింది. కుటుంబంలో మొదటి పట్టభద్రులు కాబోయేవారికి అక్కడ వృత్తి విద్యా కోర్సుల్లో ట్యూషన్ ఫీజు రాయితీ ఉంది. వీటికి సర్టిఫికెట్లు కావాలి. సర్టిఫికెట్లు ఒక్క రోజులో రావు.

కుల ధ్రువపత్రం విషయంలో మన క్రైస్తవ కుటుంబాలకు ప్రత్యేకమైన చిక్కు ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు. క్రైస్తవులకు ఇంతవరకు ఇవ్వలేదు. అది అన్యాయమని మనం అంటూనే ఉన్నాం, అంటూనే ఉంటాం. అయితే పోరాటం తెమిలేలోగా పిల్లల చదువు ఆగకూడదు. ఎస్సీల నుంచి క్రైస్తవులైనవారిని ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బీసీ-సిలో, తమిళనాడులో బీసీలో, కర్ణాటకలో కేటగిరీ-1లో పెట్టారు. ఒక రాష్ట్రం జాబితా ఇంకో రాష్ట్రంలో చెల్లదు. గుంటూరులో ఉన్న మేనమామ కొడుక్కి వచ్చిన ధ్రువపత్రం చూసి చెన్నైలో ఉన్న మన పిల్లకు అదే వస్తుందనుకోవద్దు. ఓరియంటేషన్ రోజున స్కాలర్‌షిప్ చూసే గుమాస్తా ఎవరో, ఆయన గది ఏదో తెలుసుకోండి. ఏ కాలంలో ఏం రాయాలో అడిగి రాయండి. తోచింది రాస్తే తర్వాత దిద్దుకోవడం చాలా కష్టం.

ఇక గౌరవం సంగతి. 1996లో చిదంబరంలో ఒక వైద్య విద్యార్థి ర్యాగింగ్‌లో హత్యకు గురయ్యాడు. ఆ తర్వాత 1997లో తమిళనాడులో చట్టం వచ్చింది. అదే ఏడాది ఆంధ్రప్రదేశ్, 1999లో మహారాష్ట్ర చట్టాలు చేశాయి. 2009లో యూజీసీ దేశమంతటికీ నిబంధనలు తెచ్చింది. చేరిన ప్రతి విద్యార్థికీ ఆపదలో ఎవరిని పిలవాలో చెప్పే కరపత్రం ఇవ్వాలి. కొత్తవాళ్ళనూ సీనియర్లనూ కలిపి అవగాహన కార్యక్రమం జరపాలి. 1800-180-5522 హెల్ప్‌లైన్ 24 గంటలూ పనిచేస్తుంది. కులం, మతం, భాష వంటి కారణాలతో వివక్ష చూపితే ఫిర్యాదు తీసుకోవడానికి అధికారి ఉండాలని 2012 యూజీసీ నిబంధనలు చెప్తున్నాయి. ఆడపిల్లల ఫిర్యాదులకు అంతర్గత కమిటీ ఉండాలి. ఆ కమిటీలో ఎవరున్నారో అందరికీ తెలియాలి.

నిబంధనలు ఉన్నంత మాత్రాన సరిపోదని మనకు తెలుసు. 2016లో హైదరాబాద్‌లో రోహిత్ వేముల, 2019లో ముంబైలో డాక్టర్ పాయల్ తడ్వి మనకు లేకుండా పోయారు. వాళ్ళ తల్లులిద్దరూ మన పిల్లల కోసం సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు. ఆ తల్లుల కన్నీటికి మనం ఇవ్వగలిగిన గౌరవం ఒకటుంది: మన కాలేజీలో ఆ అధికారి పేరేమిటి అని మొదటి రోజే పదిమందిలో లేచి అడగడం. అడిగితేనే పేరు రాసిపెడతారు. మనసు మరీ బరువెక్కితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలి మానస్ సేవ. అక్కడ తెలుగులోనూ మాట్లాడవచ్చు. ప్రార్థన చేసుకుంటూనే ఫోన్ కూడా చేయవచ్చు. అందులో విశ్వాసానికి లోటేమీ లేదు.

కాలేజీకి వెళ్ళే పిల్లలకు మన సంఘాల్లో జాగ్రత్తలు చెప్పి, ప్రార్థన చేసి పంపే మంచి అలవాటు ఉంది. చెడు స్నేహాలు వద్దు, ఆదివారం ఆరాధన మానవద్దు అంటాం. ఆ మాటలు అవసరమే. వాటికి తోడుగా ఏం చేయవచ్చో చెప్తాం.

సంఘ పెద్దలారా, జూన్, జూలైల్లో ఒక శనివారం కేటాయించండి. మన సంఘంలో డిగ్రీ చేస్తున్న రెండో, మూడో సంవత్సరం పిల్లలే చెప్పాలి. ఫారాలు నింపి చూపించాలి, సర్టిఫికెట్ల పట్టిక ఇవ్వాలి. భోజనం పెట్టండి. ఖర్చు పెద్దగా ఉండదు. ఏ సంఘమైనా, ఏ ఇంటివాళ్ళైనా రానివ్వండి, అడిగి వచ్చిన పొరుగు పిల్లల్ని కూడా కూర్చోబెట్టండి.

సీనియర్లారా, బర్నబాను గుర్తు చేసుకోండి. యెరూషలేములో సౌలును చూసి శిష్యులందరూ భయపడినప్పుడు, చేయిపట్టి లోపలికి తీసుకెళ్ళినవాడు ఆయనే. ఒక్కొక్కరు ఒక్క జూనియర్‌కు బర్నబా కండి. లైబ్రరీ కార్డు ఎలా తీసుకోవాలో చూపించండి. మొదటి ఇంటర్నల్ ముందు ఒక గంట పక్కన కూర్చోండి.

తల్లిదండ్రులారా, తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే ఒక రోజు కూలి పోయినా వెళ్ళండి. "మాకు ఇంగ్లీషు రాదు, అక్కడ ఏం మాట్లాడతాం" అని వెనకాడకండి. మీ భాషలోనే అడగండి. మీరు అక్కడ కూర్చుంటే మీ బిడ్డ వెనక ఒక ఇల్లు ఉందని కాలేజీకి తెలుస్తుంది.

క్రైస్తవ కాలేజీలు నడిపే పెద్దలకు కూడా ఒక విన్నపం. మీ ఓరియంటేషన్‌లో ఒక గంటైనా పిల్లల ఇంటి భాషలో చెప్పండి. మొదటి వరుసలో మాట్లాడేవాళ్ళకు కాక, ఆఖరి వరుసలో మౌనంగా కూర్చున్న పిల్లకు అర్థమైందా అని చూడండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఇక మీకు. ఆ కొద్ది రోజులూ తప్పక వెళ్ళండి. ఒక నోటు పుస్తకంలో నాలుగు పేర్లు రాసుకోండి: మీ మార్గదర్శి అధ్యాపకుడు, స్కాలర్‌షిప్ గుమాస్తా, ఫిర్యాదులు తీసుకునే అధికారి, మీకు నచ్చిన ఒక సీనియర్. ఆఖరి రోజుకల్లా నలుగురితోనూ ఒక్కసారైనా మాట్లాడి ఉండాలి. మీ కాలేజీలో ఎస్‌సీఎం, ఐకఫ్, ఈయూ వంటి విద్యార్థి సహవాసం ఉందేమో కనుక్కోండి. పక్కన బెదురుగా కూర్చున్నవాళ్ళు కనబడితే మీరే ముందు పేరడగండి. వాళ్ళది మన భాష కాకపోవచ్చు, మన మతమూ కాకపోవచ్చు. కానీ మొదటి రోజు బెదురు అందరిదీ ఒకటే.

వచ్చే ఏడాది ఇదే రోజుల్లో మీరు ఇక్కడికి రావాలి. అప్పుడు చెప్పవలసింది మేము కాదు, మీరు. ఆ నోటు పుస్తకం పారేయకండి, తర్వాత వచ్చే చెల్లెలికి పనికొస్తుంది.

దేవుడు మీ చదువును, మీ దారిని దీవించును గాక. ఆమేన్.