మెత్తని ఘనం, కదలని అయాను



పట్టభద్రులారా, రేపటి నుంచి మీలో చాలామంది మాదాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి ఆఫీసుల్లో ఉంటారు. 1998లో సైబర్ టవర్స్ తెరిచినప్పటి నుంచీ ఈ ప్రాంతం కరెంటు పోయినా పని ఆగకూడదన్న పట్టుదలతో నడుస్తోంది. ఆ భారం మోసేవి యూపీఎస్ గదుల్లోని బ్యాటరీలు. ఇవాళ బ్యాటరీల గురించే మాట్లాడతాను.

2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూములో మంటలు లేచాయి. పొగ పైనున్న లాడ్జిని కమ్మేసింది. 8 మంది చనిపోయారు. అలాంటి స్కూటర్లలో ఉండే లిథియం బ్యాటరీల్లో ఎలక్ట్రోడ్ల మధ్య అయాన్లను మోయడానికి ఎక్కువగా వాడే ద్రవ ఎలక్ట్రోలైట్‌కు మండే గుణం ఉంది. దాని స్థానంలో ఘనపదార్థం వస్తే ప్రమాదం చాలా తగ్గుతుంది. లిథియం స్థానంలో మెగ్నీషియం వస్తే మరో మేలు: లీటరు సముద్రపు నీటిలోనే అది దాదాపు 1.3 గ్రాములుంటుంది. అంతే ఘనపరిమాణంలో లిథియం లోహం కంటే దాదాపు రెట్టింపు విద్యుదావేశాన్ని అందించగలదు.

చిక్కల్లా మెగ్నీషియం అయానుతోనే. దానికి రెండు ధనావేశాలు. చుట్టూ ఉన్న రుణావేశాలను గట్టిగా పట్టుకుని కదలనంటుంది. గట్టి ఘనాల్లోనైతే గది ఉష్ణోగ్రత దగ్గర మరీ మొండికేస్తుంది; పైగా ఆ ఘనానికీ ఎలక్ట్రోడుకూ మధ్య సందులు మిగులుతాయి. అందుకే మెత్తని ఘనాల వెతుకులాట. అలాంటి ఘనమైన మెగ్నీషియం బోరోహైడ్రైడ్‌లో అమ్మోనియా చేరిస్తే అయాను కదలిక ఎంతో పెరుగుతుందని డెన్మార్క్‌లోని ఆర్హస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. ఏ ఆవేశమూ లేని ఒక చిన్న అణువు ఆ మొండి అయానుకు దారి ఇస్తుంది! నేను చదివిన రసాయనశాస్త్రంలో ఇంత అందమైన ఉపాయాలు తక్కువ.

ఇజ్రాయెల్‌లో శాస్త్రవేత్త డోరాన్ ఆర్బాక్ బృందం మళ్లీమళ్లీ ఛార్జ్ చేయగల మెగ్నీషియం బ్యాటరీ నమూనాను 2000లోనే ప్రకటించింది. అది ఇంకా మన ఇళ్లకు చేరలేదు. దీన్ని నేను ఓటమి అనను. పదార్థాల పని మూడు నెలల టార్గెట్లకు లొంగదు.

మన దగ్గర బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ లిథియం బ్యాటరీ పదార్థాలపై పనిచేస్తోంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో అమరరాజా లిథియం సెల్‌ల ఫ్యాక్టరీకి 2023లో శంకుస్థాపన జరిగింది. ఆ తర్వాతి మెట్టు, అంటే మెగ్నీషియం బ్యాటరీ, ఎవరు కడతారు? ఏ స్ఫటికంలో అయాను దారి సులువో ముందు కంప్యూటర్‌లో లెక్కగట్టాలి. కోడ్ రాయడం వచ్చిన మీకు అందులో కావలసినంత పని ఉంది. ప్యాకేజీ తక్కువైనా సరే, మీలో కొందరైనా ప్రయోగశాలల తలుపు తట్టండి.