గుమి పతకాలు – మన బడి గ్రౌండు

(ఒక హైస్కూలు ఆవరణలో జరిగిన తల్లిదండ్రుల సభలో ఆ ఊళ్ళోనే పనిచేస్తున్న ఉపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన మాటను వీలైనంతవరకు అలాగే ఉంచాం.)



పొద్దుటి నుంచి కాయకోతలో ఉండి, చేతుల మంట చల్లారకముందే ఇక్కడికొచ్చి కూర్చున్నారు. ఎక్కువసేపు తీసుకోను. టీచర్లందరూ ఈ మాటే అని గంట మాట్లాడతారని మీకూ తెలుసు, నాకూ తెలుసు.

నాకు అప్పజెప్పిన విషయం మన బడి గ్రౌండు. అయితే నేను కొరియా దేశం నుంచి మొదలుపెడతాను. అక్కణ్ణించి ఇక్కడికి దారి ఉంది, చూపిస్తాను.

2025 మే 27 నుంచి 31 దాకా దక్షిణ కొరియాలోని గుమి అనే పట్నంలో ఆసియా అథ్లెటిక్స్ ఛాంపియన్‌షిప్ జరిగింది. అథ్లెటిక్స్ అంటే ఏదో పెద్దమాట అనుకోవద్దు. పరిగెత్తటం, దూకటం, విసరటం, నడవటం. మన పల్లెలో పుట్టిన ప్రతి బిడ్డా నడకొచ్చిన మర్నాటి నుంచి చేసే పనులే. ఐదురోజుల పోటీలు ముగిసేనాటికి చైనాకు 19 బంగారు పతకాలు, మన దేశానికి 8 బంగారు, 10 వెండి, 6 కంచు, మొత్తం 24. పట్టికలో చైనా తర్వాత మనమే. జపాన్ వాళ్ళు ఐదు బంగారు పతకాలతో మూడో స్థానంలో నిలిచారు. చిన్న సంగతి కాదు. కానీ ఆ వారమంతా ఐపీఎల్ చివరి మ్యాచ్‌ల గోల. మన పత్రికల్లో ఈ పిల్లలకు దొరికింది మూలన ఒక పెట్టె. నేనా పెట్టె కత్తిరించి దాచుకున్నాను. ఇదిగో, నా చేతిలో ఉంది.

ఆ ఎనిమిది బంగారు పతకాలు ఎవరివి? పదివేల మీటర్లు, ఐదువేల మీటర్లు రెండూ గుల్‌వీర్ సింగ్ గెలిచాడు. మూడువేల మీటర్ల స్టీపుల్‌ఛేజ్ అవినాష్ సాబ్లే. మగా ఆడా కలిసి పరిగెత్తే రిలే ఒకటి. హైజంప్‌లో హర్యానా పిల్ల పూజ, 1.89 మీటర్లు దూకింది. ఆ పిల్ల తండ్రి తాపీమేస్త్రి. మొదట్లో వెదురుకర్ర అడ్డం కట్టుకుని, గడ్డి కూరిన గోతాల మీద పడుతూ నేర్చుకుంది. మిగిలినవి మూడు. ఆ మూడింట్లోనూ మన తెలుగు ఆడపిల్లల చెయ్యి ఉంది. కాలు అనాలేమో.

వాళ్ళ సంగతి చెప్పేముందు ఒక మాట. 2016లో రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు వెండి పతకం గెలిచినప్పుడు మన తెలుగు జనం గూగుల్‌లో ఆమె కులమేమిటని వెతికారని పత్రికలన్నీ రాశాయి. దేశం ముందు మన పరువు అట్లా పోయింది. కనుక ఈ పిల్లల కులం నేను వెతకలేదు, మీరూ నన్నడగొద్దు. నేను చూసింది ఒకటే, వాళ్ళ ఇంట్లో పొయ్యి ఏ పనితో వెలుగుతుందని.

మొదటి పిల్ల యర్రాజీ జ్యోతి, విశాఖపట్నం. తండ్రి సెక్యూరిటీ గార్డు. తల్లి ఇళ్ళల్లో పాచిపని చేసింది, ఆసుపత్రిలో ఊడ్చే పని చేసింది. జ్యోతి పరిగెత్తేది వంద మీటర్ల హర్డిల్స్. దారిలో పది అడ్డకర్రలుంటాయి. ఒక్కొక్కటి మన నడుము దాకా, 84 సెంటీమీటర్లకు కాస్త తక్కువ. కర్రకూ కర్రకూ మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ ఎనిమిదిన్నర మీటర్లలో మూడే అంగలు వేసి మళ్ళీ ఎగరాలి. నాలుగో అంగ పడిందా, అయిపోయింది. గుమిలో ఈ పిల్ల మొదట్లో వెనకబడి, చివరి కర్రల దగ్గర ముందుకొచ్చి 12.96 సెకన్లలో గీత దాటింది. ఈ ఛాంపియన్‌షిప్ చరిత్రలోనే అంత తొందరగా ఎవరూ పరిగెత్తలేదు. 2023లో బ్యాంకాక్‌లో ఇదే పోటీ 13.09తో గెలిచింది. 2024లో పారిస్ ఒలింపిక్స్‌కు పోయింది. ఈ పరుగులో మన దేశం నుంచి ఒలింపిక్స్ మెట్టెక్కిన మొదటి మనిషి ఆమే. గుమి తర్వాత కొద్దివారాలకే మోకాలు దెబ్బతిని ఆపరేషన్ దాకా వచ్చింది. పతకం ఫోటో వేసినంత పెద్దగా ఆ వార్త ఎవరూ వెయ్యలేదు.

రెండో పిల్ల అగసార నందిని. తండ్రి హైదరాబాదులో టీ అమ్ముతాడు. ఈమెది హెప్టాథ్లాన్. అంటే రెండు రోజుల్లో ఏడు పోటీలు. మొదటిరోజు హర్డిల్స్, హైజంప్, గుండు విసరటం, 200 మీటర్లు. రెండోరోజు లాంగ్‌జంప్, జావెలిన్, ఆఖర్న ఒళ్ళంతా పులిసిపోయాక 800 మీటర్లు. ఒక్కొక్క దానికి పాయింట్లిచ్చి కూడుతారు. ఒక పని బాగా వచ్చినంత మాత్రాన చాలదు. ఇది నేను క్లాసులో చెబితే ఆరో తరగతి పిల్ల ఒకతి లేచి, 'మా అమ్మలాగానా టీచర్?' అంది. నేనేమీ అనలేకపోయాను. నందిని గుమిలో 5941 పాయింట్లతో చైనా పిల్లల్ని దాటి బంగారు పతకం గెలిచింది.

ఈ నందిని ఎక్కడ చదివింది? సాంఘిక సంక్షేమ గురుకులంలో. గట్టిగా వినండి, మన గురుకులంలో. 1980లలో ఎస్సీ పిల్లల కోసమని మొదలైన బళ్ళు అవి. 'హాస్టలు పిల్లలు' అని ఊళ్ళో వాళ్ళు మూతి తిప్పిన బళ్ళు. 2014లో పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కిందీ ఆ బళ్ళ నుంచే. మెస్ ఛార్జీలు పెంచమని మనం కలెక్టరాఫీసు ముందు ఎన్నిసార్లు కూర్చున్నామో గుర్తుంది గదా? గుడ్డు ఎందుకమ్మా అంత గొడవ అన్నారు. ఎందుకంటే ఎనిమిది వందల మీటర్ల ఆఖరి మలుపులో కాలు లేవాలంటే పదేళ్ళ కిందట తిన్న గుడ్డు కావాలి.

మూడో పిల్ల కుంజా రజిత. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? చేతులెత్తండి. చూశారా. నాకూ గుమి పట్టిక చూసేదాకా తెలియదు. శబరి గోదావరిలో కలిసే కూనవరం దగ్గర, పోలవరం ముంపు మండలంలో, గుత్తికోయ ఆదివాసీ ఇంటి బిడ్డ. జిస్నా మాథ్యూ, రూపల్ చౌదరి, శుభా వెంకటేశన్‌లతో కలిసి ఆడవాళ్ళ 4×400 మీటర్ల రిలేలో బంగారు పతకం గెలిచింది. 3 నిమిషాల 34.18 సెకన్లు. ముంపు మండలమంటే పటంలో నీళ్ళ రంగు పూసి లెక్క తేల్చేసిన చోటు. అక్కడి పిల్ల చేతిలో దేశం కర్ర పెట్టింది, పిల్ల కింద పడెయ్యకుండా అందించింది. ఆ పిల్ల ఊరికి దేశం ఏం అందించిందో మరి అడగాలి.

ఇక్కడ చేదు సంగతి ఒకటి చెప్పకుండా పోతే అది మోసమవుతుంది. గుమికి ముందు, 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఆసియా క్రీడలు జరిగాయి. నందిని 5712 పాయింట్లతో కంచు పతకం గెలిచింది. నాలుగో స్థానంలో నిలిచినామె కూడా మన దేశం పిల్లే, స్వప్న బర్మన్. నాలుగే పాయింట్లు తక్కువ. ఓడిన బాధలో, నందిని అసలు ఆడపిల్లే కాదన్న అర్థం వచ్చేటట్టు లోకమంతా చదివేచోట రాసింది. ఇరవయ్యేళ్ళ పిల్ల మొదటి పెద్ద పతకం మెళ్ళో వేసుకున్న వెంటనే వినాల్సి వచ్చిన మాట అది! తర్వాత స్వప్న ఆ రాత తీసేసింది, తప్పయిందని చెప్పుకుంది. నాకు స్వప్న మీద కోపంకంటే దుఃఖం ఎక్కువ. ఆమె ఎవరు? బెంగాల్‌లో రిక్షా తొక్కిన మనిషి కూతురు, తల్లి తేయాకు తోటలో కూలి. 2018లో ఇదే హెప్టాథ్లాన్‌లో ఆసియా క్రీడల బంగారు పతకం గెలిచిన మనిషి. ఉన్న ఒక్క కంచు ముక్క కోసం రెండు పేద ఇళ్ళ బిడ్డలు తలపడాల్సి వస్తే, గెలవలేని బిడ్డ గెలిచిన బిడ్డ ఒంటినే అనుమానించింది. కండ గట్టిపడిన ఆడదాన్ని చూసి 'మగరాయుడు' అనటం మన పల్లెలో లేదా? బస్తా ఎత్తితే లేని అనుమానం పరిగెత్తితే ఎందుకు వస్తుంది? అక్కలారా, మిమ్మల్నే అడుగుతున్నా.

ఇంకో చిన్న మాట, నవ్వుకోవటానికి. జ్యోతికి, నందినికి తొలినాళ్ళలో పరుగు దిద్దిన కోచ్ నాగపురి రమేశ్ గారు, వరంగల్లు మనిషి. 2016లో ప్రభుత్వం ఆయనకు ద్రోణాచార్య అవార్డిచ్చింది. పిల్లలకిచ్చేది అర్జున అవార్డు. ఆయన పనికి నా దండం. కానీ అవార్డుకి దొరికిన పేరు చూడండి! ఏకలవ్యుడి బొటనవేలు పుచ్చుకున్న గురువు పేరు. ఈయన చేసింది దానికి సరిగ్గా ఎదురుపని గదా, లేని వేళ్ళు మొలిపించటం.

ఆయన తీర్చిన ఇంకో బిడ్డ జీవాంజి దీప్తి, వరంగల్లు జిల్లా కల్లెడ. మానసిక ఎదుగుదలలో లోపముందని ఊళ్ళో జనం ఆ పిల్లను ఆడిపోసుకున్నారు, తల్లిదండ్రుల్ని సూటిపోటి మాటలన్నారు. వాళ్ళు కూలీలు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 400 మీటర్లు 55.07 సెకన్లలో పరిగెత్తి అప్పటి ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచింది. ఆ సెప్టెంబరులో పారిస్‌లో కంచు. ఇబ్బందుల్లో అమ్ముకున్న పొలం చెక్కను బహుమతి డబ్బుతో ఆ ఇంటివాళ్ళు తిరిగి కొనుక్కున్నారు. మన ఉద్యమం భూమి భూమి అని ఎందుకంటుందో ఆ తల్లికి ఎవరూ చెప్పక్కర్లేదు.

సరే, ఇప్పుడు గ్రౌండు దగ్గరికి వద్దాం.

నేను ఏడో తరగతిలో మండలం ఆటల్లో 200 మీటర్లు మొదట వచ్చాను. ఉత్త కాళ్ళతో, లంగా పైకి దోపుకుని. స్టీలు పళ్ళెం ఇచ్చారు. మా ఇంట్లో మొదటి స్టీలు పళ్ళెం అది, మా నాయన దాంట్లోనే తిన్నాడు. తర్వాతి ఏడు నేను పెద్దమనిషినయ్యాను, పరుగు ఆగింది. ఆపింది పెద్దకులాల వాళ్ళు కాదు, మా నాయనమ్మ. ఇది ఒప్పుకోకుండా మిగతాది మాట్లాడే హక్కు నాకు లేదు. అంతకంటే పెద్దతప్పు ఇంకొకటుంది. నేను టీచరునయ్యాక, నా దగ్గర తొమ్మిదో తరగతి చదివే పిల్ల గాలిలా పరిగెత్తేది. జిల్లా పోటీలకు పంపుతామని డ్రిల్లు మాస్టారు అంటే, 'ముందు పబ్లిక్ పరీక్షలు చూసుకోనివ్వండి మాస్టారూ' అన్నది నేనే. పిల్ల పరీక్షా పాసుకాలేదు, పరుగూ పోయింది. ఇప్పుడు ఆమెకు ఇద్దరు పిల్లలు. ఇక్కడే కూర్చుని ఉంది, పేరు చెప్పను. అమ్మా, నన్ను క్షమించు.

అందుకే ఈ గ్రౌండు సంగతి నేను వదలను. జనవరి వచ్చిందంటే మన బడి గ్రౌండు మిరపకల్లం అయిపోతుంది. మూడు నెలలు ఎర్రటి కాయ పరుచుకుంటుంది, పట్టాలు, టిక్కీలు, ట్రాక్టర్లు. ఘాటుకు పిల్లలు క్లాసులో దగ్గుతారు. సరిగ్గా ఆటలకు పనికొచ్చే చలికాలపు పొద్దుళ్ళు పోతాయి. పోయినేడు నేను వెళ్ళి అడిగితే కల్లం పెట్టిన ఆసామి ఒకాయన ఏమన్నాడో చెప్పనా? 'మీ పిల్లలు పరిగెత్తి ఏం చేస్తారు టీచరమ్మా, రేపు మా చేలో కాయకొయ్యటానికి వచ్చేవాళ్ళేగా!' నవ్వుతూనే అన్నాడు. మర్యాదగా కుర్చీ కూడా వేశాడు.

మీలో కొందరి మనసులో ఉన్నది నాకు తెలుసు. ఆ కల్లంలో తొడిమలు తీసేదీ, తాలుకాయ ఏరేదీ మనమే. కల్లం పోతే ఆ కూలి ఎక్కడికి పోతుందని మీ భయం. న్యాయమైన భయం, నేను కొట్టిపారెయ్యను. మనం కల్లం వద్దనటం లేదు, బడిలో వద్దంటున్నాం. చెరువుకట్ట కింద పంచాయతీ జాగా ఖాళీగా ఉంది, అక్కడ పెట్టుకోమంటున్నాం. కాయ ఎక్కడ ఆరినా ఏరటానికి మన చేతులే కావాలి. ఈ మాట వచ్చే సోమవారం కలెక్టరాఫీసులో అర్జీగా ఇస్తాం. ఒక్క నా సంతకంతో పోతే బదిలీ కాగితం వస్తుంది, వంద వేలిముద్రలతో పోతే ఆలోచిస్తారు. హెడ్మాస్టారికి ముందే చెప్పాను. ఆయన అవుననలేదు, కాదనలేదు.

ఆదివారం పొద్దున్నే ఆరింటికి గ్రౌండు కొలుస్తున్నాం. నా లెక్క సరైతే రెండు వందల మీటర్ల చుట్టు పడుతుంది. టేపు నేను తెస్తాను. సున్నం, తాడు మీరు తెండి. ఆడపిల్లల్ని తప్పకుండా పంపండి, పెద్దమనుషులైన వాళ్ళను కూడా.

జై భీమ్!