ఏప్రిల్ 27 మనకు చెప్పే మాట



దక్షిణాఫ్రికాలో ఏటా ఏప్రిల్ 27న స్వాతంత్ర్య దినం జరుపుకొంటారు. 1994లో అదే తేదీన ఆ దేశపు వయోజనులందరూ వర్ణభేదం లేకుండా తొలిసారి ఒకే పార్లమెంటుకు ఓటు వేశారు. ఆ ఎన్నికల్లో దాదాపు రెండు కోట్ల మంది ఓటు వినియోగించుకున్నారు. మే 10న నెల్సన్ మండేలా అధ్యక్షులయ్యారు.

ఆ దినంలో మన తెలుగువారికీ, ముస్లింలకూ పాలు ఉన్నది. 1860 నుండి నేటాల్ చెరకు తోటలకు కూలి ఒప్పందాలపై వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. కేప్‌టౌన్ ఇమామ్ అబ్దుల్లా హారూన్ వర్ణవివక్షను ఎదిరించి, 1969లో 123 రోజుల నిర్బంధంలో మగ్గి పోలీసుల చెరలోనే కన్నుమూశారు. అహ్మద్ కత్రాడా 1964లో మండేలాతో పాటు యావజ్జీవ శిక్ష పొందారు.

అక్కడి జనాభాలో ముస్లింలు నూటికి ఇద్దరైనా లేరు. అయినా వీరు తమ వర్గం కోసం మాత్రమే పోరాడలేదు. 1984లో ప్రభుత్వం భారతీయులకు ఒక సభ, మిశ్రమ జాతివారికి ఒక సభ ఇచ్చి, నల్లవారిని మాత్రం పార్లమెంటు వెలుపలనే ఉంచింది. నమోదైన భారతీయ ఓటర్లలో అత్యధికులు ఆ పోలింగుకు వెళ్ళలేదు. పొరుగువాడికి లేని హక్కు తమకు భిక్షగా వద్దన్నారు.

మన రాజ్యాంగం 326వ అధికరణం ద్వారా వయోజన ఓటు హక్కును 1950 నాటికే మనకిచ్చింది. కానీ జాబితాలో పేరు లేనివారికి పోలింగు నాడు ఆ హక్కు అక్కరకు రాదు. మేము ఇంటింటికీ తిరిగినప్పుడు చూస్తున్నదేమిటి? ఒక కార్డులో షేక్, మరొక కార్డులో షైక్. పెళ్ళయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి ఊరిలోనే ఉండిపోయింది. గుమాస్తాగిరీలో జీవితం గడిపిన మాకు తెలుసు, ఇటువంటి ఒక్క అక్షరం మనిషిని ఎన్నిసార్లు కార్యాలయం చుట్టూ తిప్పుతుందో.

కనుక ముసాయిదా జాబితా వెలువడగానే ప్రతి కుటుంబమూ తమ పేర్లు సరిచూసుకోవాలి. కొత్త పేరుకు ఫారం 6, సవరణకూ చిరునామా మార్పుకూ ఫారం 8. మీ పేరు తొలగించాలని ఎవరైనా ఫారం 7 ఇచ్చి, మీకు నోటీసు వస్తే విచారణకు తప్పక హాజరు కావాలి. రశీదు భద్రపరచాలి.

మన పేర్లు చూసుకున్న తరువాత అదే జాబితాలో పక్క వాడలోని దళితుల పేర్లు, వలస కూలీల పేర్లు కూడా చూద్దాం. సమానత్వం మనకొక్కరికే దక్కితే అది సమానత్వం అనిపించుకోదు.

అల్లాహ్ మనకు ఆ ఓర్పును, ఐక్యతను ప్రసాదించుగాక. ఆమీన్.